కమ్యూనిటీలో కదలిక పెంచడానికి గ్రాంట్: ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి, బదులుగా ఏం అడగాలి

మీరు అడిగినవి మూడు. మీ ట్రస్ట్ దగ్గర ఫిజికల్ ఇన్‌యాక్టివిటీ తగ్గించడానికని మూడేళ్ళకి సరిపడా ఫండ్ ఉంది, ఒకే సంస్థకి కాకుండా లోకల్ పార్టనర్‌షిప్‌లకి ఇవ్వాలనుకుంటున్నారు, అందుకు ఓపెన్ కాల్ పెట్టాలా లేక ఏరియాలు మీరే ఎంచుకోవాలా, డబ్బు ఎవరి అకౌంట్‌లో వెయ్యాలి, చివర్లో ఏం చూపించమనాలి అని. బోర్డులో కొందరు "ఓపెన్ జిమ్ మిషన్లు పెట్టించేస్తే అయిపోతుందిగా" అంటున్నారని కూడా రాశారు. నేను గ్రాంట్ అడిగే వైపూ ఇచ్చే వైపూ రెండు చోట్లా చాలాకాలం ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక విషయం, మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. ఈ ఫీల్డ్‌లో డబ్బు వదిలేస్తే నీళ్ళు పల్లానికి పోయినట్టు ఆల్రెడీ కదిలేవాళ్ళ దగ్గరికే పోతుంది. ఫ్రీ క్లాస్ పెట్టండి, మొదటి రోజు వచ్చేది రోజూ వాకింగ్ చేసేవాళ్ళే. సైకిల్ ట్రాక్ వెయ్యండి, సైకిల్ ఉన్నవాళ్ళే తొక్కుతారు. రిజిస్టర్ నిండుతుంది, ఫొటోలు బాగుంటాయి, రిపోర్ట్ బాగుంటుంది, మీరు ఎవరి కోసం డబ్బు పక్కన పెట్టారో ఆ మనిషి మాత్రం ఇంట్లో అలాగే కూర్చుని ఉంటుంది. ఇందులో ఎవరి మోసమూ లేదండి, ఆర్గనైజర్లు నిజాయితీగానే చేస్తారు, కాకపోతే పిలిస్తే వచ్చేవాళ్ళని పిలవడం తేలిక, రానివాళ్ళ గడప తొక్కడం కష్టం, టార్గెట్ నంబర్ రెండింటికీ ఒకటే. అందుకే మీరు పెట్టే ప్రతి రూలూ ఈ జారుడుని పెంచుతోందా ఆపుతోందా అని చూసుకోండి.

ఎవరిని "ఇన్‌యాక్టివ్" అంటున్నారో అగ్రిమెంట్‌లోనే రాసుకోండి, ఇది చాలామంది వదిలేస్తారు. డబ్ల్యూహెచ్ఓ 2020 గైడ్‌లైన్స్ ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలి, లేదంటే 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్ళలో 31 శాతం, అంటే దాదాపు 180 కోట్ల మంది, 2022లో ఈ గీతకి కింద ఉన్నారు. 2010లో అది 26 శాతం. దక్షిణాసియాలో అయితే 2022లో 45 శాతం. 2030 నాటికి 15 శాతం తగ్గించాలని డబ్ల్యూహెచ్ఓ 2018లోనే టార్గెట్ పెట్టింది, నడక మాత్రం వెనక్కే.

కానీ ఈ గీతకి కింద ఉన్నవాళ్ళందరూ ఒక రకం కాదు. వారానికి 120 నిమిషాలు నడిచే మనిషీ అసలు కదలని మనిషీ ఇద్దరూ ఆ లెక్కలో ఒకటే. ఇంగ్లండ్‌లో ఆటలకీ కదలికకీ ప్రభుత్వం తరఫున ఫండ్ ఇచ్చే స్పోర్ట్ ఇంగ్లండ్ వాళ్ళు అందుకే ఇంకో గీత గీశారు: వారానికి 30 నిమిషాల లోపు అయితే ఇన్‌యాక్టివ్, 30 నుంచి 149 అయితే కొంత యాక్టివ్, 150 నుంచి పైకి అయితే యాక్టివ్. మీరూ ఈ 30 నిమిషాల గీతే పెట్టుకోండి అంటాను, ఎందుకంటే ఆరోగ్యంలో పెద్ద లాభం వచ్చేది సున్నా నుంచి కొంచెం దాకా వచ్చినప్పుడే, 150 చేసేవాళ్ళని 200కి తీసుకెళ్తే వచ్చే లాభం దానికంటే తక్కువ. పైగా పాత గైడ్‌లైన్స్‌లో ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అని ఉండేది, 2020లో దాన్ని తీసేశారు, ఇప్పుడు మెట్లెక్కినా బస్‌స్టాప్ దాకా నడిచినా లెక్కే. మీ ప్రోగ్రామ్‌లో "వ్యాయామం" అనే పదం కనిపించకపోయినా నష్టం లేదన్నమాట.

ఇక ఒక చేదు నిజం, మీ బోర్డుకి ముందే చెప్పేయండి. ఊరు మొత్తాన్ని కదిలించే కమ్యూనిటీ ప్రోగ్రాముల మీద కోక్రేన్ వాళ్ళు (హెల్త్ స్టడీలన్నీ కలిపి జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) చేసిన రివ్యూ 2015లో అప్‌డేట్ అయింది, 33 స్టడీలు చూశారు, జనాభా మొత్తంలో కదలిక పెరుగుతుందని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదు. దీన్ని చూసి డబ్బు వెనక్కి తీసుకోమని నేననను. ఇలాంటి ప్రోగ్రాముల్లో నేను చూసినంతలో కారణం ఏంటంటే డబ్బు పల్చగా చల్లేస్తారు, అదీ తక్కువ కాలానికి, అసలు మనిషికి అది చేరనే చేరదు, పోస్టర్ చేరుతుంది. కాబట్టి పది ఏరియాలకి కొంచెం కొంచెం ఇచ్చే ఆలోచన ఉంటే మానేసి రెండో మూడో ఏరియాలకి గట్టిగా ఇవ్వండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఓపెన్ కాల్ పెడితే ప్రపోజల్ బాగా రాయగలిగినవాళ్ళు గెలుస్తారు. అవసరం ఎక్కువున్న చోట అలా రాసే స్టాఫ్ ఉండరు, ఉన్న ఒక్కరూ పగలంతా వేరే పనిలో ఉంటారు. అంటే మీ మొదటి రూలే జారుడుని పెంచుతుంది. ఇంగ్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2017 డిసెంబర్‌లో స్పోర్ట్ ఇంగ్లండ్ వందకి పైగా వచ్చిన అప్లికేషన్లలోంచి 12 చోట్లని పైలట్‌గా ఎంచుకుంది, నాలుగేళ్ళకి సుమారు 100 మిలియన్ పౌండ్లు, అక్కడి నేషనల్ లాటరీ నుంచి వచ్చిన డబ్బు. ఒక పక్క గ్రేటర్ మాంచెస్టర్ లాంటి పది కౌన్సిళ్ళ మహానగరం, ఇంకో పక్క విథర్న్‌సీ అనే 6,000 మంది ఉండే చిన్న సముద్రతీర ఊరు, ఒకే ప్రోగ్రామ్‌లో. తర్వాత 2023 నవంబర్‌లో ఇంకో ఐదేళ్ళకి 250 మిలియన్ పౌండ్లు ప్రకటించి 80 నుంచి 100 కొత్త చోట్లకి పెంచుతామన్నప్పుడు పద్ధతి మార్చారు, అప్లికేషన్ల పోటీకి బదులు ఇన్‌యాక్టివిటీ, పేదరికం, ఆరోగ్యం డేటా చూసి ఏ చోటికి అవసరం ఎక్కువుందో వాళ్ళే వెళ్ళి మాట్లాడటం. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది.

మీ స్థాయిలో అయితే డేటాతో ఓ ఎనిమిది పది ఏరియాలు షార్ట్‌లిస్ట్ చేసి, అక్కడికి వెళ్ళి కూర్చుని మాట్లాడి, రెండు మూడు ఎంచుకోండి. వెళ్ళినప్పుడు ప్రెజెంటేషన్ చూడకండి. హెల్త్ వాళ్ళు, స్కూల్ వాళ్ళు, పార్కుల వాళ్ళు, రోడ్ల వాళ్ళు, మహిళా సంఘాలు, ప్రార్థనా స్థలాలు నడిపేవాళ్ళు ఒకే గదిలో కూర్చుంటే ఏం జరుగుతుందో చూడండి. అందరూ ఒకరినొకరు పొగుడుకుంటే అనుమానించండి, అది మీ కోసం పెట్టిన మీటింగ్. "మీ గేటు సాయంత్రం ఆరింటికే తాళం వేస్తారు, మా ఆడవాళ్ళకి తీరేదే ఏడింటికి" అని ఒకరు ఇంకొకరి మీద మీ ముందే ఫిర్యాదు చెయ్యగలుగుతున్నారంటే అక్కడ పార్టనర్‌షిప్ అనేది నిజంగా ఉంది.

రెండో ప్రశ్న, డబ్బు ఎవరి చేతికి. లీగల్‌గా ఒక లీడ్ సంస్థ అకౌంట్‌లోనే వెయ్యాలి, ఆడిట్ ఉండేది వాళ్ళకే, దానికి వేరే దారి లేదు. కానీ అకౌంట్ ఎవరి దగ్గరుందో నిర్ణయం కూడా వాళ్ళదే అయిపోతే అది పార్టనర్‌షిప్ కాదు, ఒక పెద్ద సంస్థా దాని సబ్ కాంట్రాక్టర్లూ. పార్టనర్లు తమలో తాము రాసుకునే ఒప్పందం, అంటే ఎంఓయూలో ఇవి స్పష్టంగా ఉండాలి: ఎంత మొత్తం దాటితే అందరూ కూర్చుని తేల్చాలి, తన సంస్థకే డబ్బు వచ్చే అంశం మీద ఆ సభ్యుడు ఓటు వెయ్యకూడదు, లీడ్ సంస్థ మధ్యలో తప్పుకుంటే మిగిలిన డబ్బూ డేటా ఎవరికి పోతాయి. ఈ మూడూ మొదట్లో అడిగితే ఇబ్బందిగా మొహాలు చూసుకుంటారు, గొడవొచ్చాక అడిగితే లాయర్లు వస్తారు.

మీటింగులకి వచ్చే చిన్న గ్రూపుల టైమ్‌కి కూడా డబ్బు ఇవ్వండి. ఇది చాలామంది ఫండర్లు నమ్మరు. ఆఫీసర్ జీతం తీసుకుంటూ మీటింగ్‌కి వస్తాడు, బస్తీలో గ్రూప్ నడిపే ఆవిడ ఆ పూట కూలి పోగొట్టుకుని వస్తుంది, రెండు సార్లు వస్తుంది, మూడోసారి రాదు, అప్పుడు టేబుల్ చుట్టూ మిగిలేది ఇన్‌యాక్టివ్ మనుషుల గురించి మాట్లాడే యాక్టివ్ మనుషులే. అలాగే ఖర్చు పెట్టి బిల్లు తెస్తే తర్వాత ఇస్తాం అనే పద్ధతి చిన్నవాళ్ళని చంపేస్తుంది, ముందే అడ్వాన్స్‌గా ఇచ్చి మూడు నెలలకోసారి లెక్క తీసుకోండి. మ్యాచింగ్ ఫండ్, అంటే మేమిచ్చేదానికి తోడు మీరూ కొంత తెండి అని అడగొద్దు, అది డబ్బున్న ఏరియాలకి వేసే ఎక్స్‌ట్రా మార్కు.

మొత్తంలో కొంత భాగం మైక్రో గ్రాంట్ల కింద, అంటే చిన్న గ్రూపులకి ఇచ్చే చిన్న మొత్తాల కింద పక్కన పెట్టించండి. ఒక పేజీ ఫారం, కుదిరితే నోటితో చెప్పినా రాసుకునే ఏర్పాటు, రెండు మూడు వారాల్లో అవునో కాదో. రిజిస్ట్రేషన్ లేని గ్రూప్ అయితే ఏదో ఒక పార్టనర్ తన అకౌంట్ ద్వారా ఇప్పిస్తుంది, అందుకు దానికి కొంత సర్వీస్ ఖర్చు ఇవ్వండి. వీటిలో కొన్ని పోతాయి, పోనివ్వండి. చిన్న మొత్తానికి నలభై పేజీల రిపోర్ట్ అడిగే ఫండర్ ఎంత నష్టం చేస్తాడో, డబ్బు పోగొట్టిన గ్రూప్ అంత చెయ్యదు.

ఇక బడ్జెట్‌లో అన్నిటికంటే పెద్ద పద్దు మనిషి జీతం అవ్వాలి. ఆ ఏరియాలోనే ఉండి, పొద్దున ఎవరి ఇంట్లో ఎవరు ఉంటారో తెలిసి, మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడ దగ్గర కూర్చుని మాట్లాడి, నాలుగోసారికి ఆవిడ గుమ్మం దిగేలా చేసే కోఆర్డినేటర్. ఆ పోస్ట్‌ని ఏడాది కాంట్రాక్ట్ మీద పెడితే పరిచయాలు కుదిరే టైమ్‌కి వేరే ఉద్యోగం వెతుక్కుంటారు. అందుకే మూడేళ్ళ ఫండ్ ఉంటే మూడేళ్ళ జీతం మొదటి రోజే కమిట్ అవ్వండి, యాక్టివిటీల డబ్బు కావాలంటే ఏటేటా చూసుకోండి. "ఓవర్‌హెడ్స్ తగ్గించండి" అనే బోర్డు మెంబర్‌కి ఇదే చెప్పండి, ఇక్కడ జీతమే ప్రోగ్రామ్.

మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలలు ఏ క్లాసూ పెట్టమని అడగకండి. ఆ టైమ్ వినడానికి. ఎందుకు కదలట్లేదు అంటే బయటివాళ్ళం "అవగాహన లేదు" అనేస్తాం, జనం చెప్పేవి వేరే ఉంటాయి: వీధి లైట్ లేదు, కుక్కలు, పసిపిల్లని ఎవరికి అప్పజెప్పాలి, షిఫ్ట్ డ్యూటీ, ఆ బట్టల్లో నలుగురిలో కనపడాలంటే సిగ్గు, గుండె దడ వస్తే ఏమవుతుందో అని భయం. ఇందులో సగానికి మందు క్లాస్ కాదు, లైటూ టాయిలెట్టూ బెంచీ. అవి వెయ్యడం మీ ట్రస్ట్ వల్ల కాదు, వెయ్యక్కర్లేదు కూడా, కానీ రోడ్ల డిపార్ట్‌మెంట్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంటే దాని బడ్జెట్‌లోంచి పడతాయి. అసలు పార్టనర్‌షిప్‌కి డబ్బు ఇచ్చేదే అందుకు, మీ డబ్బుతో ఇంకొకరి డబ్బు దారి మళ్ళించడానికి. బ్రాడ్‌ఫోర్డ్‌లో 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల కోసం నడిచిన జంప్ అనే ప్రోగ్రామ్ చూడండి, అదీ ఆ 12 పైలట్లలో ఒకటే, స్కూళ్ళతో ఆగకుండా కుటుంబాలు, పార్కులు, పిల్లలు సాయంత్రాలు గడిపే మదరసాలు దాకా వెళ్ళారు, పిల్లాడి రోజు ఎక్కడ గడుస్తుందో అక్కడికే పోవాలి అనేదే వాళ్ళ లెక్క.

ఓపెన్ జిమ్ సంగతి. నేను పరికరాలకి వ్యతిరేకం కాదు, మనుషులు లేని పరికరాలకి వ్యతిరేకం. ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కట్ చెయ్యడానికి మిషన్ కంటే మంచి వస్తువు లేదు, అందుకే బోర్డులకి ఇష్టం, రెండేళ్ళకి బేరింగ్ పోతే బాగుచేసే బడ్జెట్ ఎవరి దగ్గరా ఉండదు. బ్రెజిల్‌లో 2002లో రెసీఫె నగరం పార్కుల్లో ఉచిత క్లాసులు మొదలుపెట్టింది, ట్రైనర్ ఉంటాడు, హెల్త్ సిస్టమ్‌తో లింక్ ఉంటుంది. 2011లో కేంద్ర ప్రభుత్వం అకడెమియా ద సౌదె అని దేశమంతా ఇలాంటి స్కీమే పెట్టినప్పుడు కట్టడానికే కాదు, నెలనెలా నడపడానికి కూడా మున్సిపాలిటీలకి డబ్బు ఇచ్చింది. ఆ నెలనెలా అన్నదే అసలు పాయింట్. ఇక ఎసెక్స్‌లో, ఇంగ్లండ్‌లోనే అత్యంత పేద ప్రాంతంగా లెక్కల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే జేవిక్, పక్కనే ఉన్న క్లాక్టన్‌లో 2021 నుంచి జనానికి సైకిళ్ళు ఉచితంగా ఇచ్చారు, అదీ వస్తువే కదా, కానీ అక్కడ సైకిల్ అంటే పనికి వెళ్ళే దారి, అడ్డం తీసేసే వస్తువు. మీ బోర్డు ఏదైనా కొనాలంటే ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఇది ఎవరి దారిలో ఏ అడ్డం తీస్తుంది?

అసలు వస్తువే అక్కర్లేని పనులూ ఉన్నాయి. బొగొటాలో 1974 నుంచి సిక్లోవీయా నడుస్తోంది, ఆదివారాలు, సెలవు రోజులు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకి పైగా రోడ్లు బళ్ళకి మూసేసి జనానికి వదిలేస్తారు. ఒక స్టడీలో ఖర్చు లెక్కేస్తే వచ్చే మనిషికి ఏడాదికి సుమారు 6 డాలర్లు తేలింది, రోడ్డు ఆల్రెడీ ఉంది కాబట్టి. ఆ రోడ్ల పక్కనే పార్కుల్లో రెక్రియోవీయా అని ఉచితంగా డాన్స్, ఏరోబిక్స్ క్లాసులు పెడతారు, వాటికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు, చూడండి, ఒకే చోట ఒకదానికి రానివాళ్ళు ఇంకోదానికి వస్తారు. స్కాట్లండ్‌లో స్టర్లింగ్ దగ్గర ఒక ప్రైమరీ స్కూల్‌లో 2012లో మొదలైన డైలీ మైల్ అయితే ఇంకా సింపుల్, పిల్లలు రోజూ 15 నిమిషాలు యూనిఫామ్‌లోనే బయటికెళ్ళి పరిగెత్తడమో నడవడమో, అంతే.

పార్క్‌రన్, అంటే శనివారాలు పార్కుల్లో జరిగే ఐదు కిలోమీటర్ల పరుగు, దాని గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే "ఫ్రీగా పెడితే అందరూ వస్తారు" అనేవాళ్ళకి అదే జవాబు. 2004 అక్టోబర్ 2న లండన్ బుషీ పార్క్‌లో 13 మందితో మొదలైంది, ఎప్పటికీ ఉచితమే. అయినా రన్నర్లు కానివాళ్ళ కోసం వాళ్ళు ప్రత్యేకంగా శ్రమ పడాల్సి వచ్చింది, అందరికంటే వెనక నడిచే వాలంటీర్‌ని పెట్టారు, ఎవరికీ నేనే లాస్ట్ అనిపించకుండా, 2018లో ఫ్యామిలీ డాక్టర్ల రాయల్ కాలేజ్‌తో కలిసి క్లినిక్‌లని దగ్గరి పార్క్‌రన్‌కి లింక్ చేశారు, 2022లో నడిచేవాళ్ళని రమ్మని విడిగా క్యాంపెయిన్ పెట్టారు. డబ్బు అడ్డం తీసినంత మాత్రాన మిగతా అడ్డాలు పోవు.

మూడో ప్రశ్న, ఏం చూపించమనాలి. హాజరు సంఖ్య అడగొద్దు, కనీసం దాని మీద టార్గెట్ పెట్టొద్దు. ఉదాహరణకి రెండు ప్రోగ్రాములు ఒకే ఖర్చుతో నడిచాయనుకోండి, ఒకదానికి 400 మంది వచ్చారు, అందులో మొదట్లో ఇన్‌యాక్టివ్‌గా ఉన్నవాళ్ళు 40. రెండోదానికి 70 మందే వచ్చారు, అందులో 50 మంది ఇన్‌యాక్టివ్. ఏ బోర్డ్ మీటింగ్‌లో అయినా మొదటిదానికే చప్పట్లు. మీరు కొనాలనుకున్నది మాత్రం రెండోది. అందుకని చేరేటప్పుడే ఒక్క ప్రశ్న అడిగించండి: గత వారంలో ఎన్ని రోజులు మొత్తం కలిపి 30 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఊపిరి వేగం పెరిగేంత పని చేశారు, వేగంగా నడవడం, సైకిల్, ఆట, ఏదైనా సరే. ఈ ఒక్క ప్రశ్న పద్ధతి రీసెర్చ్‌లో కూడా వాడతారు, పెద్ద ఫారం కంటే జనం దీనికే నిజం చెప్తారని నా నమ్మకం. సున్నా అన్నవాళ్ళ శాతం ఎంత, ఆరు నెలల తర్వాత వాళ్ళలో ఎంతమంది ఇంకా వస్తున్నారు, ఈ రెండూ రిపోర్ట్ మొదటి పేజీలో ఉండాలి.

మెజర్‌మెంట్‌లో కొన్ని గుంటలున్నాయి. జనం తమ కదలికని ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకుంటారు, వీలైతే కొంతమందికైనా యాక్సెలెరోమీటర్ (కదలికని కొలిచే చిన్న పరికరం) కట్టించి పోల్చండి. బేస్‌లైన్, అంటే మొదలుపెట్టే ముందు తీసే లెక్క, వానాకాలంలో తీసి ఫలితం చలికాలంలో తీస్తే కనిపించేది మీ ప్రోగ్రామ్ కాదు, వాతావరణం. ఇంకోటి, బాగా డల్‌గా ఉన్న టైమ్‌లో చేరినవాళ్ళు ఏమీ చెయ్యకపోయినా కొంత మెరుగవుతారు, కాబట్టి పోల్చడానికి ఇంకో ఏరియా ఉండాలి. మీకు రెండు మూడు ఏరియాలున్నాయి కదా, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, ఆరు నెలల తేడాతో మొదలుపెట్టి, బేస్‌లైన్ మాత్రం అన్ని చోట్లా ఒకే నెలలో తీస్తే ఇంకా మొదలవ్వని ఏరియానే మీకు పోలిక అవుతుంది, దీనికి ఎక్స్‌ట్రా ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఊరు మొత్తం శాతం మారాలని మూడేళ్ళకి మాట తీసుకోకండి, సర్వే శాంపిల్ సైజుకి ఆ తేడా కనపడదు, ఆ ఒత్తిడికి పార్టనర్లు నంబర్లు వండుతారు.

నంబర్లతో పాటు, ఏడాదికోసారి పార్టనర్లందరినీ కూర్చోబెట్టి ఏం మారింది అని గోడ మీద గీయించండి. గేట్ టైమింగ్ మారిందా, క్లినిక్ నుంచి మనుషుల్ని పంపుతున్నారా, మైక్రో గ్రాంట్ తీసుకున్న గ్రూప్‌లోంచి ఇంకో గ్రూప్ పుట్టిందా. మీరు వెళ్ళిపోయాక మిగిలేవి ఇవే కాబట్టి రెండో ఏడాది చివర్లోనే ఏ ఖర్చు ఏ డిపార్ట్‌మెంట్ రెగ్యులర్ బడ్జెట్‌లోకి పోతుందో రాతపూర్వకంగా అడగండి, ముఖ్యంగా కోఆర్డినేటర్ జీతం. ఎవరూ తీసుకోం అంటే మూడో ఏడాది డబ్బుని కొత్త యాక్టివిటీలకి పెట్టకుండా ఆ జీతాన్నే ఇంకో ఏడాది సాగదీయడానికి వాడండి, ఆ వెసులుబాటు ఇప్పుడే అగ్రిమెంట్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత బోర్డు మారితే కుదరదు.